మాదమ్మ చెప్పని జవాబు

మాదమ్మ చేతులను సిమెంటు తినేసింది. పదిహేడో ఏట నెత్తిన తట్ట పెట్టుకొన్న మనిషి, ముప్పై ఎనిమిది నిండేదాకా తమిళనాట ధర్మపురిలో లేచిన మిద్దెలకు సిమెంటు మాలు మోస్తూనే ఉండింది. మొదట వేళ్ల సందుల్లో దురద. తర్వాత చర్మం చిట్లి నెత్తురు, రసి. మగడు కుప్పన్ కూడా గోడలు కట్టేవాడే. “కొబ్బరినూనె రాసుకో, ఈ పనిలో అందరికీ ఉండేదే” అన్నాడు. చేతులకు గుడ్డపేలికలు చుట్టుకొని రెండేళ్లు నెట్టుకొచ్చింది. ఆఖరికి పెన్నాగరం రోడ్డులో కొత్తగా బోర్డు కట్టిన చర్మవ్యాధుల డాక్టరు కాళియన్ దగ్గరికి పోయింది. ఆయన ఆ చేతులను తిప్పి తిప్పి చూశాడు.

“అమ్మా, ఇది మందుతో పోయేది కాదు. సిమెంటు ముట్టుకొన్నంత కాలం వస్తూనే ఉంటుంది. ఆ పని మానుకో.”

“మానుకొంటే తినేదేంది సార్?”

డాక్టరు ఒక పూత మందు రాసిచ్చాడు. మరుసటి వారం మందు కోసం పోయినప్పుడు మాత్రం, “ఇక్కడ జనాన్ని వరసలో నిలబెట్టే మనిషి కావాలి. వస్తావా?” అని అడిగాడు. అలా మాదమ్మ క్లినిక్‌లో చేరింది.

క్లినిక్ అంటే రెండు గదులు, ఒక వరండా. పొద్దున తొమ్మిదికి మొదలైతే మధ్యాహ్నం రెండు దాకా, మళ్లీ నాలుగు నుంచి ఎనిమిది దాకా. టోకెన్లు ఇవ్వడం, పేర్లు పిలవడం, కత్తెరలూ చిమటాలూ ఉడకబెట్టడం, కట్లు కట్టడం, చేయి అందని ముసలివాళ్లకు వీపున మందు రాయడం, అన్నీ ఆమే. గజ్జి, తామర, బొల్లి, కాలిన పుండ్లు, కుష్ఠు మచ్చలు, ఆరేళ్లలో ఆమె చూడని చర్మం లేదు. ఎవరి ఒంటిని చూసీ ముఖం తిప్పుకోలేదు. డాక్టరు ఆమెను నమ్మింది అందుకే.

ఆ ఏళ్లలో వానలు మొహం చాటేశాయి. తెల్లవారకముందే లేచి వీధి పంపు దగ్గర బిందె పెట్టి, వచ్చినన్ని నీళ్లు మోసి, సంగటి గెలికి, ఆ తర్వాత క్లినిక్‌కు నడిచేది. తొమ్మిదింటికి మొదటి టోకెను పిలిచేసరికే ఆమెకు సగం రోజు అయిపోయినట్టు ఉండేది.

దేవరాజన్ మొదటిసారి వచ్చింది ఎనభై నాలుగు జులైలో, ఆడి మాసపు గాలులు దుమ్మెత్తి పోస్తున్న రోజుల్లో. పాపారపట్టిలో తాతల నాటి పాత్రల అంగడి వాళ్లది. ఒకప్పుడు ఇత్తడి, ఇప్పుడు అంతా ఎవర్‌సిల్వర్ స్టీలు. ఇరవై ఐదేళ్లవాడు, సన్నగా, పొడుగ్గా, చామనచాయలో ఉన్నాడు. ఉతికి మడత నలగని చొక్కా. ముఖానికి ఎడమ పక్క చేతిరుమాలు అడ్డం పెట్టుకొని, వరండా మూలన గోడకు ఆ చెంప ఆనేటట్టు కూర్చున్నాడు. పన్నుపోటేమో అనుకొంది మాదమ్మ.

లోపల డాక్టరు రుమాలు తీయమన్నాడు. దీపం దగ్గరికి జరిపి, భూతద్దం పెట్టి చూశాడు. ముక్కు చివర, ఎడమ చెంప మీద గుంటలు పడ్డాయని అతను చెప్పాడు. అందరూ వాటినే చూస్తున్నారట. మాదమ్మ కూడా వంగి చూసింది. ఎప్పుడో వయసులో వచ్చిన మొటిమల ఆనవాళ్లు రెండు మూడు ఉన్నాయి. వెతికితే తప్ప కనిపించవు.

“ఏమీ లేదు” అన్నాడు డాక్టరు. ఏదో ఒక పూత మందు రాసిచ్చాడు.

నాలుగో రోజుకు మళ్లీ వచ్చాడు. తర్వాతి వారం రెండు సార్లు. ఆ నెలాఖరుకు మాదమ్మ అతని పేరు అడగకుండానే చీటీ తీసిపెట్టడం అలవాటు చేసుకొంది. ఎప్పుడూ ఆఖరి టోకెనే అడిగేవాడు. తన తర్వాత ఎవరూ ఉండకూడదు, తన ముఖం ఎవరూ చూడకూడదు.

ఒక సాయంత్రం మాదమ్మ కత్తెరలు కడుగుతూ, తనలో తాను తెలుగులో గొణుక్కొంది. “ఈ పొద్దు కూడా నీళ్లు వదల్లేదు. ఎవరికి చెప్పుకొనేది.”

మూలన కూర్చున్న దేవరాజన్ తల ఎత్తాడు. “అక్కా, మీరు తెలుగువాళ్లా?”

“ఇంట్లో మాట్లాడేది అదేనప్పా. చదివేదానికి రాదు.”

“నాకూ రాదు. మా అవ్వకూ రాదు. మాటలే మిగిలినాయి.”

ఆ రోజు నుంచి అతను డాక్టరుతో తమిళంలోనూ మాదమ్మతో తెలుగులోనూ మాట్లాడేవాడు. డాక్టరుకు చెప్పేది మందు గురించి. ఆమెను అడిగేది ఒకే ఒక్క మాట.

“అక్కా, నిజం చెప్పు. కనిపిస్తా ఉండాయా?”

“ఏమీ లేదప్పా.”

“వెలుతురులో చూసి చెప్పు.”

“వెలుతురులోనే చూస్తా ఉండా. ఏమీ లేదు. పో, బస్సు పోతుంది.”

అతని ముఖంలో ఊపిరి వచ్చినట్టయ్యేది. వాకిలి దాటేదాకా ఆ ఊపిరి ఉండేది. గడప దగ్గర తిరిగి, “నాకు బాధ కలగకూడదని అట్ల చెప్తా ఉండావా?” అనేవాడు. మళ్లీ మొదటికి. ఒకరోజు ఎందుకో లెక్క పెట్టింది. ఒక్క సాయంత్రం పందొమ్మిది సార్లు అడిగాడు. పందొమ్మిది సార్లూ ఆమె అదే చెప్పింది. ఇంటికి పోయాక కుప్పన్ “కూర ఏంది?” అని అడిగితే, “ఏమీ లేదు” అని అలవాటుగా వచ్చేసింది నోట్లో నుంచి. అతను నవ్వాడు. ఆమెకు నవ్వు రాలేదు.

ఏడాదిన్నర అలా గడిచింది. డాక్టరుకూ విసుగు పుట్టింది. “సినిమా హీరో లాంటి ముఖం పెట్టుకొని నా దగ్గరికి ఎందుకయ్యా వస్తావు?” అని నవ్వేవాడు. అతను తల దించుకొని, నవ్వు అయ్యేదాకా ఆగి, మళ్లీ అదే అడిగేవాడు. సేలంలో ఇద్దరు డాక్టర్లకూ, బెంగళూరులో ఒకరికీ చూపించుకొన్న చీటీలు ఒక సంచి నిండా ఉండేవి. అందరూ ఏదో ఒకటి రాసిచ్చారు. ఆఖరికి ఒకరోజు అతను డాక్టరు కాళ్ల దగ్గర కూర్చుండిపోయాడు. గుంటలకు ఆసిడ్ తాకిస్తే పూడుతుందని ఎవరో చెప్పారట. డాక్టరు వద్దు వద్దంటూనే, అతని పోరు పడలేక, చాలా పలచటి ఆసిడ్‌ను రెండు చోట్ల పుల్లతో తాకించాడు. పొక్కు కట్టి, పది రోజులకు రాలిపోయింది. కింద చర్మం మామూలుగానే ఉంది.

అతని కంటికి మాత్రం అలా లేదు. “చిన్నగా ఉండేదాన్ని పెద్దది చేసినారు” అని వరండాలోనే ఏడ్చాడు. ఆ రోజు డాక్టరు గది తలుపు వేసుకొని చాలాసేపు బయటికి రాలేదు. “నేను ఆ పని చేసి ఉండకూడదు మాదమ్మా” అన్నాడు తర్వాత.

ఎనభై ఆరు వేసవిలో ఒక మధ్యాహ్నం మాదమ్మకు ఓపిక తెగిపోయింది. పొద్దుటి నుంచి గజ్జి పిల్లలే నలభై మంది. సబ్బు నీళ్లకు ఆమె చేతులు మళ్లీ చిట్లాయి. రెండున్నరైనా అన్నం తినలేదు. దేవరాజన్ ఎదురుగా నిలబడి మూడోసారి అడిగాడు, కనిపిస్తున్నాయా అని.

ఆమె రెండు చేతులూ అతని ముఖం ముందు పెట్టింది. “ఇది చూడు! ఇది జబ్బు అంటే! ఇరవై ఏండ్లు మాలు మోసి తెచ్చుకొన్నా. రాత్రి నిద్ర లేదు. పొద్దున ఉప్పు తగిలితే ప్రాణం పోతుంది. నీకేముందని? ఏముందని నా ప్రాణం తీస్తా ఉండావు?”

అతను ఆ చేతులను చూశాడు. మర్యాదకు చూసినట్టు కాదు, నిజంగా చూశాడు, పగుళ్లనూ, గోళ్లనూ, మణికట్టు దాకా మందంగా నల్లబడిన తోలునూ. తర్వాత మెల్లగా అన్నాడు.

“మార్చుకొనేదానికి అయితే, ఈ పొద్దే మార్చుకొంటానక్కా. నీ చేతులు నాకియ్యి. నా ముఖం నువ్వు తీసుకో.”

వేళాకోళం చేస్తున్నాడేమోనని చూసింది. కాదు. అంగట్లో బేరం కుదిరితే వస్తువు చేతికి ఇచ్చే మనిషిలా, ఇవ్వడానికి సిద్ధంగా నిలబడి ఉన్నాడు. మాదమ్మకు కోపం అంతా ఎటు పోయిందో తెలియలేదు. బెంచీ మీద కూలబడింది. అతను పక్కన కూర్చొని, ఎవరూ అడగకుండానే చెప్పుకొచ్చాడు.

పొద్దున లేచిన దగ్గర నుంచి అద్దం. ఇంట్లో అద్దం దాచిపెడితే అంగట్లో పాత్రలు. ప్రతి గిన్నెలో, ప్రతి పళ్లెంలో ముఖమే. అందుకని షోకేసు మీద గోనెపట్టాలు కప్పిస్తాడు. వచ్చిన వాళ్లు ఇదేం అంగడి అని నవ్వుతారు. ఏడాదిగా ముందర కూర్చోవడమే మానేశాడు, వెనక గోదాములో ఉంటాడు. బస్సులో ఎడమ చెంప కిటికీ వైపు ఉండే సీటు దొరకకపోతే ఆ బస్సు వదిలేస్తాడు. కొన్నిసార్లు మూడు బస్సులు. తమ్ముడి పెళ్లికి జ్వరమని అబద్ధం చెప్పి గదిలో పడుకొన్నాడు.

“రోజుకు ఎంతసేపు ఇట్ల?”

“మెలకువ ఉన్నంతసేపు.”

ఆ తర్వాత నాలుగు నెలలు అతను రాలేదు. మొదటి వారం మాదమ్మకు హాయిగా అనిపించింది. రెండో వారానికి ఆ హాయి మీద సిగ్గు పుట్టింది. తాను అరిచినందుకే రాలేదేమో. అయినా పాపారపట్టి దాకా పోయి కనుక్కొనే తీరికా లేదు, ఓపికా లేదు.

సెప్టెంబరు చివర, పురటాసి నెలలో ఒక పొద్దున అతని తల్లి అలమేలు అతన్ని చేయి పట్టుకొని తీసుకొచ్చింది. ముఖానికి తువ్వాలు చుట్టి ఉంది. తీస్తే, ముక్కు మీదా ఎడమ చెంప మీదా చర్మం లేదు. పాత్రల అంచులు రుద్దే గరుకు కాగితంతో రుద్దుకొన్నాడు. పై చర్మం పోతే కింది నుంచి కొత్తది వస్తుందని అనుకొన్నాడట. చీము పట్టింది.

“నా కొడుక్కు ఎవరో చేతబడి చేసినారు మాదమ్మా” అంది అలమేలు. ఆమెకు ఏడవడానికి కూడా ఓపిక లేనట్టుంది.

మూడు వారాలు రోజూ మాదమ్మే కట్టు మార్చింది. గోరువెచ్చని నీళ్లతో తడిపి, గుడ్డ అంటుకొన్న చోట మెల్లగా ఊడదీసి, చీము తుడిచి, మందు రాసి. అంత నొప్పికి మామూలు మనిషైతే కేకలు పెడతాడు. అతను కదలడు. అయిదో రోజో ఆరో రోజో ఆమెకు ఒకటి తట్టింది. ఆ మధ్యాహ్నం జనం పోయాక డాక్టరు గదిలోకి పోయి, వాకిలి దగ్గరే నిలబడింది.

“సార్, ఒక మాట. ఆ పిల్లోడు గాయం గురించి ఒక్కసారి కూడా అడగలేదు. మచ్చ పడుతుందా అని అడగలేదు. ఎన్నాళ్లకు మానుతుంది అని అడగలేదు. కుడి చెంపలో కొత్తగా గుంట వచ్చిందా అని అడుగుతా ఉండాడు. ఉన్న పుండు కనబడదు, లేని గుంట కనబడుతుంది. ఇది చర్మంలో జబ్బు కాదు సార్. మనం రెండేండ్లుగా చర్మానికే మందు పెడతా ఉండాం.”

డాక్టరు పెన్ను కింద పెట్టాడు. కూర్చోమన్నాడు. ఎనిమిదేళ్లలో ఆయన గదిలో ఆమె కుర్చీలో కూర్చోవడం అదే మొదలు.

సేలంలో తనతో చదువుకొన్న మనోవైద్యుడు ఒకాయన ఉన్నాడు. ఆయనకు డాక్టరు జాబు రాశాడు. వారానికి జవాబు వచ్చింది. ఇలాంటి జబ్బు ఒకటి ఉందనీ, ఇలాంటివాళ్లు మనోవైద్యుల దగ్గరికి రారు, చర్మం డాక్టర్ల దగ్గరికే వస్తారనీ రాశాడు. కోతలూ పూతలూ పెట్టవద్దన్నాడు, వాటితో ముదురుతుందట. అడగాల్సినవి మూడు రాశాడు. రోజుకు ఎన్ని గంటలు దీని గురించే ఆలోచిస్తాడు? దీని వల్ల ఏమేం మానేశాడు? చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా? మూడోది తప్పకుండా అడగమని కింద గీత గీశాడు.

డాక్టరు అడిగాడు. దేవరాజన్ అన్నింటికీ “అలాంటిదేమీ లేదు సార్” అన్నాడు.

మరునాడు కట్టు విప్పుతూ మాదమ్మ అడిగింది. అడిగేముందు చేతులు రెండు సార్లు కడుక్కొని తుడుచుకొంది. జవాబు ఏమొస్తుందో అని భయం.

“దేవరాజూ, నేను ఒకటి అడుగుతా, కోపం చేసుకోవద్దు. చచ్చిపోదామని ఎప్పుడన్నా అనిపించిందా నీకు?”

“ముందు రెండు సార్లు” అన్నాడు. “ఈ మధ్య రోజూ.”

ఆమె చేయి ఆగలేదు. కట్టు పూర్తిగా కట్టింది. “చెప్పినావు, మంచి పని చేసినావు. ఇది నేను డాక్టరుకు చెప్తా. మీ అమ్మకు చెప్తా. దాచిపెట్టను.”

“ఎవరికీ చెప్పొద్దక్కా.”

“చెప్పకుండా ఉండేదానికి నాకు చేతకాదప్పా.”

ఆ రోజు నుంచి అతన్ని ఒంటరిగా వదలవద్దని డాక్టరు అలమేలుకు చెప్పాడు. వెంటనే సేలం పోవాలన్నాడు. మనోవైద్యుడు అన్న మాట వినేసరికి ఆమె లేచి నిలబడింది. బయటికి వచ్చి మాదమ్మ మీద విరుచుకుపడింది.

“పిచ్చాసుపత్రికి తీసుకొని పోవాల్నా? మా ఇంట్లో ఎవరికన్నా పిచ్చి ఉండిందా? ఊర్లో తెలిస్తే అంగట్లో కాలు పెట్టేవాళ్లు ఉంటారా?”

మాదమ్మ ఆ అరుపు అయ్యేదాకా నిలబడింది. తర్వాత అంది. “అమ్మా, గోనెపట్టాలు కప్పిన అంగడికి ఇప్పుడు మాత్రం ఎంతమంది వస్తా ఉండారు? పిచ్చి అని ఎవరన్నారు? వాడి కండ్లు వాడికి అబద్ధం చెప్తా ఉండాయి. వాడేం చేస్తాడు పాపం. కాలు విరిగితే కట్టు కట్టించుకోమా, అట్లనే ఇదీను. నేనూ వస్తా మీతో.”

అన్నాక గానీ తాను ఏం అన్నదో ఆమెకు తెలియలేదు. క్లినిక్‌లో చేరాక ఆమె సెలవు పెట్టిన మొదటి రోజు అదే. బస్సులో అతనికి ఎడమ వైపు కిటికీ సీటు దొరికేదాకా ధర్మపురి బస్టాండులో రెండు బస్సులు వదిలేసి, ముగ్గురూ ఎండలో నిలబడ్డారు.

సేలం డాక్టరు దీపం వెలిగించలేదు, భూతద్దం తీయలేదు. గంటసేపు విన్నాడు. గుంటలు ఉన్నాయనీ అనలేదు, లేవనీ అనలేదు. “నీ ముఖం ఎలా ఉందో నేను చెప్పను. నీకు బాధ ఉంది, అది నిజం. రోజంతా దానికే పోతోంది, అదీ నిజం. ముందు ఆ గంటలు వెనక్కి తెచ్చుకొందాం” అన్నాడు తమిళంలో. ఆ మాటకు దేవరాజన్ రుమాలు ముఖం మీద నుంచి దించాడు. వెంటనే మళ్లీ పెట్టుకొన్నాడు, కానీ దించడం మాదమ్మ చూసింది.

మాత్రలు రాశాడు. పని చేయడానికి రెండు మూడు నెలలు పడుతుందనీ, అంతదాకా నోరు ఎండుతుందనీ, మత్తుగా ఉంటుందనీ ముందే చెప్పాడు. రెండు వారాలకొకసారి వచ్చి మాట్లాడాలి. అద్దం పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, గడియారం చూసుకొని. మూలన కూర్చున్న మాదమ్మ వైపు తిరిగి అన్నాడు. “అతను మిమ్మల్ని అడుగుతాడు గదా, కనిపిస్తున్నాయా అని. ఇకపైన దానికి జవాబు చెప్పకండి.”

“లేదు అని చెప్తే తప్పేంది సార్?”

“లేదు అన్న ప్రతిసారీ అతనికి ఒక్క నిమిషం హాయిగా ఉంటుంది. ఆ నిమిషం కోసం మళ్లీ అడుగుతాడు.”

పందొమ్మిది సార్లు అడిగిన సాయంత్రం మాదమ్మకు గుర్తొచ్చింది. దయ అనుకొని తాను చెప్పిందంతా, పుండు మీద గోకడం లాంటిదే అయ్యింది.

జవాబు చెప్పడం కంటే చెప్పకుండా ఉండడం ఎంత కష్టమో తర్వాతి నెలల్లో తెలిసింది. క్లినిక్‌కు అతను ఇక నెలకొకసారి, మొదటి గురువారం, పావుగంట మాత్రమే రావాలి. కాళియన్ డాక్టరు మచ్చలు మానుతున్నాయో లేదో చూసి, అంగడి గురించి అడిగి పంపేవాడు. పూత మందు లేదు. అతను వరండాలోకి వచ్చి మాదమ్మ ముందు నిలబడేవాడు.

“అక్కా, ఒక్కసారి. ఒక్కసారే.”

“ఆ మాటకు నేను జవాబు చెప్పనప్పా. వేరే ఏదన్నా అడుగు.”

“అంటే ఉండాయి. అందుకే చెప్పడం లేదు.”

“అదీ చెప్పను.”

ఒకసారి దండం పెట్టాడు. ఒకసారి, “నువ్వు రాయివి, నీకు మనసు లేదు” అని అరిచి పోయాడు. ఆ సాయంత్రమంతా మాదమ్మ టోకెన్లు తప్పు పిలిచింది. అలమేలు ఇంట్లో ఓర్చుకోలేక, లేదు నాయనా, ఏమీ లేదు అని చెప్పేసేది. మళ్లీ వచ్చి, “చెప్పేసినా మాదమ్మా, నా వల్ల కాలేదు” అని ఒప్పుకొనేది. ఆమెకు మాదమ్మ ఏం చెప్పగలదు. తనకూ ప్రతిసారీ నాలుక చివరదాకా వచ్చేదే.

రెండో నెలలో అతను మాత్రలు మానేశాడు. నోరు ఎండి అన్నం మింగుడు పడడం లేదన్నాడు. ఎవరికీ చెప్పకుండా బెంగళూరు పోయి, ముఖం గీకించుకొనేదానికి ఒక డాక్టరుతో రోజు కూడా ఖాయం చేసుకొని వచ్చాడు. అలమేలు సంచిలో చీటీ చూసి పరుగెత్తుకొచ్చింది. మళ్లీ సేలం, మళ్లీ ఎండలో బస్టాండు. మోతాదు మార్చారు. మళ్లీ మొదటి నుంచి.

ఎనభై ఏడు వేసవి దాటాక ఏదో కొంచెం సడలింది. ఒక్కరోజులో జరిగింది కాదు, ఎప్పుడు మొదలైందో మాదమ్మకు తెలియదు. ఒక గురువారం అతను ముఖం మాట ఎత్తకుండా, బోరులో నీళ్లు అడుగంటాయని పావుగంట చెప్పి పోయాడు. ఇంకోసారి నలుగురు కూర్చున్నప్పుడే టోకెను అడిగాడు. అంగట్లో మధ్యాహ్నం రెండు గంటలు ముందర కూర్చుంటున్నాడని అలమేలు చెప్పింది. గోనెపట్టాలు సగం తీశారట. గరుకు కాగితం మచ్చలు మాత్రం ఉండిపోయాయి, ఎవరికైనా కనిపించేటట్టు. వాటిని అతను ఎప్పుడూ పట్టించుకోలేదు.

“గుంటలు పోయినాయా మరి?” అని కుప్పన్ ఒకసారి అడిగాడు.

“వాడికి ఉండాయి. అయితే దినమంతా వాటితోనే కూర్చోవడం లేదు.”

“అంతేనా?”

“అంతే. అది చాలదా?”

ఆ తర్వాత మాదమ్మ వరండాలో జనాన్ని వేరే కంటితో చూడడం నేర్చుకొంది. పది చీటీలున్న సంచితో వచ్చేవాళ్లు, దీపం వెలుతురుకు వెనక్కి జరిగేవాళ్లు, చెప్పిన మాటే మళ్లీ మళ్లీ చెప్పించుకొనేవాళ్లు. అలాంటివాళ్లు లోపలికి పోయేముందే డాక్టరుతో, “సార్, కొంచెం నిదానంగా చూడండి” అనేది. ఆయన పూత మందు రాసే చేయి ఆపి, రోజుకు ఎన్ని గంటలు దీని గురించే ఆలోచన అని అడిగేవాడు. కొందరికి అది కాదు, ఊరికే మొటిమల బెంగ. పాపిరెడ్డిపట్టి నుంచి వచ్చిన పొన్నుత్తాయికి మాత్రం అదే. జుట్టు ఊడి నెత్తి కనిపిస్తోందని ఎండల్లో కూడా ముసుగు తీయని ఆడమనిషి, ముసుగు కింద ఇంత లావు జడ. సేలం అన్న మాట చెవిన పడగానే చీటీ చింపి మాదమ్మ కాళ్ల దగ్గర పడేసి పోయింది. మళ్లీ రాలేదు. ఏమైందో తెలియదు. ఆ ఊరి బస్సు వచ్చే వేళకు మాదమ్మ కొన్నాళ్లు వాకిలి వైపు చూసింది. తర్వాత చూడడం మానేసింది. ఎంతమంది కోసమని చూస్తుంది.

ఎనభై తొమ్మిది ఫిబ్రవరిలో, మాసి నెలలో దేవరాజన్ తండ్రి పోయాడు. అంగడి లైసెన్సు అతని పేరుకు మార్చాలంటే ఫోటో కావాలన్నారు. తొమ్మిదేళ్లుగా అతను ఫోటో తీయించుకోలేదు. ఒక మధ్యాహ్నం రెండు దాటాక, గురువారం కాకపోయినా, క్లినిక్ ముందర వచ్చి నిలబడ్డాడు.

“అక్కా, స్టూడియో దాకా వస్తావా? లోపలికి వద్దు. బయట కూర్చుంటే చాలు.”

అప్పుడే అన్నం గిన్నె మూత తీసింది మాదమ్మ. కాళ్లు లాగుతున్నాయి. ఒక గంట పడుకొందామనుకొన్న మనిషి. గిన్నె మూసి, చెప్పులు వేసుకొంది.

స్టూడియో బస్టాండు దగ్గర మేడ మీద. మెట్లు ఎక్కలేక మధ్యలో ఒకసారి ఆగింది. బయట చెక్క బెంచీ మీద కూర్చొని గోడకు తల ఆనించింది. లోపల “గడ్డం కొంచెం పైకి, కుడికి తిరగండి, కాదు, ఎడమకు” అని ఫోటోగ్రాఫరు చెప్తున్నాడు. కుర్చీ కిర్రుమంది. లేచి పోతాడేమో అనుకొంది. తెర పక్కనుంచి తెల్లటి వెలుగు ఒక్కసారి మెరిసింది.

మూడు రోజులకు ఫోటోలు తీసుకొని క్లినిక్‌కు వచ్చాడు. కవరు అంటించినట్టే ఉంది.

“నేను చూడలేదక్కా. ఆఫీసులో ఇచ్చేస్తా, వాళ్లే అంటించుకొంటారు.”

“సరి.”

అతను కవరు చేతిలో తిప్పాడు. “నువ్వు చూస్తావా?”

మాదమ్మ అతన్ని చూసింది. చెమట పట్టి ఉన్నాడు. అడగబోయే మాట ఏదో ఆమెకు తెలుసు. ఇన్నేళ్ల తర్వాత కూడా అది అతని పెదాల దాకా వచ్చి నిలబడి ఉంది.

“చూడనప్పా” అంది. “ఆఫీసు నాలుగింటికి మూసేస్తారు. పో.”

అతను కవరు జేబులో పెట్టుకొని వరండా మెట్లు దిగాడు. రుమాలు చేతిలోనే ఉంది. రోడ్డు దాటేటప్పుడు ఒకసారి ముఖం దాకా ఎత్తాడు, మళ్లీ దించాడు, మళ్లీ ఎత్తాడు. లారీ అడ్డం వచ్చి ఆ తర్వాత ఏం చేశాడో కనిపించలేదు.

వరండాలో జనం అప్పుడే చేరుతున్నారు. మాదమ్మ కుండలో మిగిలిన నీళ్లతో ముఖం కడుక్కొని, కొంగుతో తుడుచుకొని, ఒకటో నంబరు పిలిచింది.